పదిహేడో నంబరు సీసా

నిజాంపేట
ఏప్రిల్ 12

తమ్ముడు రామబ్రహ్మానికి,

ఈ ఉత్తరం రాయకుండానే వదిలేద్దామనుకున్నాను. రెండుసార్లు కాగితం తీసి, రెండుసార్లూ మడిచి పక్కన పడేశాను. చెప్పుకునేంత సంగతి కాదులే అని ఒకసారి, నీకు గాక ఇంకెవరికి చెప్పను అని ఒకసారి. ఫోన్ చేద్దామంటే నీకు వినపడదు. నేను అరిస్తే నిజాంపేటలో హాస్టళ్ళన్నిటికీ వినపడుతుంది. వాట్సాప్‌లో రాద్దామంటే నా ఫోన్ పగలంతా చిన్ను చేతిలో, సాయంత్రం కోడలి చేతిలో. కాబట్టి పోస్టాఫీసే దిక్కు.

నువ్వు చీరాల వెళ్ళి ఆరేళ్ళు. మూసాపేటలో మన డాక్టరుగారి క్లినిక్ ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ అద్దాలు అతికిస్తున్నారు. ముప్పై ఎనిమిదేళ్ళు నేను కాంపౌండర్‌గా నిలబడి మందు కలిపిన మూలలోనే ఒకాయన హెయిర్ డ్రయ్యర్ పెట్టి ఫోన్ల వెనక జిగురు కరిగిస్తున్నాడు. తొంగి చూస్తే "ఏం మోడల్ పెద్దాయనా?" అన్నాడు. పాత మోడల్ అని చెప్పి వచ్చేశాను. గోడ అవతల నీ మందుల షాపు మాత్రం, చేతులు మారినా, మందుల షాపుగానే ఉంది. సరే, చెప్పాల్సింది ఇది కాదు.

చిన్ను సంగతి. మా నరేందర్ కూతురికి వచ్చే నెలాఖరుకు అయిదేళ్ళు నిండుతాయి. ఆటిజం అని తెలిసి రెండేళ్ళయింది. మాట లేదు, పిలిస్తే చూడదు, ఎవరైనా చెయ్యి పట్టుకుంటే నిప్పు తగిలినట్టు లాక్కుంటుంది. లిఫ్టులంటే ప్రాణం. ఆదివారాలు నరేందర్ రాయదుర్గం మెట్రో స్టేషన్‌కి తీసుకుపోయి గంటసేపు లిఫ్టులో పైకీ కిందికీ తిప్పుతాడు. తలుపు మూసుకున్నప్పుడల్లా కూనిరాగం తీస్తుంది. తినేది రెండే. ముందు పసుపు కాగితం చుట్టిన ఒక రకం బిస్కెట్టు, దాని తరవాత పెరుగన్నం. ఆ వరస తప్పితే ఏదీ లేదు.

మాదాపూర్‌లో ఒక పిల్లల కేంద్రంలో ఇలాంటి పిల్లల మీద ఒక పాత మందును పరీక్షిస్తున్నారు. గుండె దడకు మన డాక్టరుగారు రాసే ఆ చిన్న బిళ్ళ నీకు గుర్తుండే ఉంటుంది. పేరు రాయను, ఉత్తరం ఎవరి చేతిలో పడుతుందో. లోపలి కంగారు తగ్గితే చూపూ మాటా కొంత దారిన పడతాయేమో అని వాళ్ళ ఆలోచన. అక్కడి డాక్టరమ్మ పేరు భ్రమరాంబ. "తగ్గుతుందని నేను చెప్పను. తెలియదు కాబట్టే చూస్తున్నాం" అంది. నాకు నచ్చింది. మన డాక్టరుగారు ముప్పై ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా తెలియదు అనలేదు.

పద్నాలుగు పేజీల ఒప్పందం ఇచ్చారు. తెలుగు చేసినవాడెవడో గాని, "మీ శిశువు యాదృచ్ఛికముగా ఒక భుజమునకు కేటాయించబడును" అని రాశాడు. నరేందర్ బెదిరిపోయి, "ఏ భుజానికి సూది ఏస్తరు నాన్నా?" అని నన్నడిగాడు. ఇంగ్లీషు కాగితం తెచ్చి, డాక్టరుగారి సీసాల మీద నేర్చుకున్న ఇంగ్లీషుతో కూడబలుక్కుంటే అర్థమైంది. ముప్పై మంది పిల్లలు, రెండు జట్లు. జట్టును ఇంగ్లీషులో 'ఆర్మ్' అన్నారు, దాన్నే మనవాడు భుజం చేశాడు. ఒక జట్టుకు మందు, ఇంకొక జట్టుకు మందు లేని తీపినీళ్ళు. సీసాల మీద నంబర్లే ఉంటాయి. ఎవరికి ఏది పడిందో తల్లికీ తెలియదు, డాక్టరమ్మకూ తెలియదు. పన్నెండు వారాలు. ఉదయం ఏడుకు ఒకసారి, సాయంత్రం ఏడుకు ఒకసారి, సూది లేని సిరంజితో నోట్లోకి. మాది పదిహేడో నంబరు సీసా.

కోడలు కృష్ణప్రియ రాయదుర్గంలో సాఫ్ట్‌వేర్ తప్పులు పట్టే ఉద్యోగం చేస్తుంది. ఇంట్లో కూడా అదే ఉద్యోగం. సీసా మీద పెన్నుతో గీత గీసింది. నోటుబుక్కు పెట్టింది. "మామయ్యా, సీసా మాత్రం మీరు ముట్టొద్దు. గీత తప్పితే వాళ్ళ లెక్క మొత్తం ఖరాబైతది" అంది.

ముట్టాను తమ్ముడూ. నిన్న వాళ్ళు ఆఫీసులకు వెళ్ళాక నోరు మూడుసార్లు పుక్కిలించి, ఒక్క చుక్క నాలుక మీద వేసుకున్నాను. ఆ బిళ్ళ చేదు నాకు తెలుసు. నాలుక చివర తెలియదు, మింగాక గొంతు మొదట్లో అయిదు నిమిషాలు కూర్చుంటుంది. గడియారం ముందు కూర్చున్నాను. పది నిమిషాలైనా నారింజ తీపి తప్ప ఏమీ లేదు.

మాకు పడింది తీపినీళ్ళు. పన్నెండు వారాలు ఈ పిల్లకు తీపినీళ్ళు పోస్తూ, దాని తల్లి రోజూ నోటుబుక్కులో "ఈరోజు చూసింది" "ఈరోజు చూడలేదు" అని రాసుకుంటూ ఉంటుంది. నేను చూస్తూ కూర్చోవాలి.

పదహారు కిలోల పిల్లకు ఆ బిళ్ళ లెక్క ఎంత అవుతుంది? ఊరికే తెలుసుకుందామని.

నీ అన్న
సాయిలు


చీరాల
ఏప్రిల్ 18

సాయిలన్నగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చూసి మా అమ్మాయి "ఈ రోజుల్లో ఇంత పొడుగు ఉత్తరం రాసేవారు ఇంకా ఉన్నారా నాన్నా" అని ఆశ్చర్యపోయిందండి. ఉన్నారమ్మా, ఆయన బతికుండగా నాకు పోస్ట్‌మాన్‌తో పరిచయం తెగదు అన్నాను.

పాపను తలుచుకుంటే మనసు బరువెక్కింది. పుట్టినప్పుడు మీరు పంపిన ఫొటో ఇప్పటికీ నా దగ్గరే ఉంది. మీ కోడలుగారు ఎంత ఓపికగా చేస్తున్నారో మీరు రాసిన దాంట్లోనే కనపడుతోంది.

మీ నాలుక సంగతి నాకు కొత్త కాదు. ఒకసారి కంపెనీవాడు టింక్చరు పల్చన చేసి పంపితే చెంచాడు నోట్లో పోసుకుని పట్టేశారు, నేను మొత్తం పెట్టె వాపసు పంపాను. అందుకే మీ మాట కాదనలేను. అయినా ఒక్క మనవి. రుచి చూశానని ఆ డాక్టరమ్మగారికి చెప్పేయండి. ఒక్క చుక్కకు ఎవరూ ఏమీ అనరు.

లెక్క అడిగారు. దుకాణంలో ఉన్నన్నాళ్ళూ అడిగినవారికి చెప్పకుండా పంపిన అలవాటు లేదు కదండీ. పుస్తకాలన్నీ షాపుతోపాటే ఇచ్చేశాను, జ్ఞాపకం మీద వేరే చీటీలో రాసి ఇందులోనే పెట్టాను. ఊరికే తెలుసుకోవడానికే అన్నారు గనుక రాశాను. చదివి చింపేయండి.

ఇక్కడ ఎండలు దంచేస్తున్నాయి. సముద్రం ఉందనే గాని గాలి లేదు.

మీ
రామబ్రహ్మం


నిజాంపేట
మే 11

తమ్ముడూ,

నీ చీటీ చదివాను, చింపేశాను. ఆ సంగతి అయిపోయింది.

ఇక్కడి కబుర్లు మంచివే. చిన్ను నిద్ర బాగుపడింది. ఇదివరకు తెల్లారి నాలుగింటికే లేచి తలుపు కొట్టుకునే పిల్ల ఇప్పుడు ఆరున్నర దాకా పడుకుంటోంది. మొన్న మంగళవారం నేను పేపర్ చదువుతుంటే వచ్చి నా మోకాలికి వీపు ఆనించి కూర్చుంది. ఎవరూ పిలవలేదు. ఎంతసేపనుకున్నావు? పేపర్ రెండో పేజీ నుంచి ఆటల పేజీ దాకా. కదిలితే పోతుందేమో అని క్రికెట్ వార్తలు కూడా చదివాను, అవి నాకెందుకో దేవుడికే తెలియాలి. సాయంత్రం కోడలికి చెబితే నోటుబుక్కు తీసి మూడుసార్లు అడిగి రాసుకుంది. "తనంతల తానే వచ్చిందా మామయ్యా? మీరు బిస్కెట్ చూపియ్యలే కదా?" రాసింది మళ్ళీ ఒకసారి పైకి చదువుకుంది. నేను అటు చూడలేదు.

శుక్రవారం మాదాపూర్ తీసుకెళ్ళాం. అక్కడ నర్సమ్మ గుండె చూసి, కొంచెం నెమ్మదిగా కొట్టుకుంటోందని రాసింది. భ్రమరాంబ డాక్టరమ్మ రెండోసారి తనే చూసి, ముందు చూసిన అంకెలతో పోల్చుకుని, వచ్చే శుక్రవారం బదులు బుధవారమే రమ్మంది. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా? దగ్గు మందు, పసరు, ఏదైనా?" అని అడిగింది. కృష్ణప్రియ లేదంది. పిల్ల కారులో నిద్రపోయి లేచింది కదా, అందుకే నెమ్మదిగా ఉండి ఉంటుందని నేనన్నాను. డాక్టరమ్మ నా వంక చూసి "కావచ్చు" అంది. నేను కిటికీలోంచి చూశాను. ఎదురుగా అద్దాల మేడ తుడిచేవాళ్ళు తాళ్ళకు వేలాడుతున్నారు. ఎనిమిదో అంతస్తులో ఒకతను టిఫిన్ డబ్బా తెరిచి తింటున్నాడు. అంత ఎత్తున కూర్చుని తినేవాడికి అరుగుతుందా అని ఆలోచించాను.

చేతులు ఊరుకోవు కదా, మొన్న ఒక పని చేసి చూశాను. పిల్లలకు చేదు బిళ్ళ ఇవ్వాల్సి వస్తే ఎలా కలపాలి అని. మెత్తగా నూరి, చిక్కటి చక్కెర పాకంలో నానబెట్టి, నారింజ ఎసెన్సు నాలుగు చుక్కలు, చిటికెడు ఉప్పు. ఉప్పే కిటుకు. ఎంత కుదిరిందంటే, కలిపిన నేనే కళ్ళు మూసుకుని తాగితే చేదు ఆనవాలు దొరకలేదు. డాక్టరుగారు ఉంటే భుజం తట్టేవాడు.

చిన్నుకు సిరంజి అంటే ఇప్పుడు ఎంత అలవాటైందో! చూపిస్తే చాలు, పిట్టపిల్లలాగ మూడు పూటలా నోరు తెరుస్తుంది.

నువ్వు ఎలా ఉన్నావు? చెవి మిషను పెట్టించుకో అంటే వినవు. వినపడదు కాబట్టి వినవు అనుకో.

సాయిలు


చీరాల
మే 16

సాయిలూ,

మీరు అని రాయడం ఈ పూట నా వల్ల కాదు. క్షమించకపోయినా ఫరవాలేదు.

మూడు పూటలా అని రాశావు. ఆ డాక్టరమ్మ ఇచ్చేది ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి. నీ మొదటి ఉత్తరం నా ముందే ఉంది. మధ్యాహ్నం పూట ఎవరిస్తున్నారు? వాళ్ళిద్దరూ ఆఫీసుకు వెళ్ళాక ఇంట్లో ఉండేది నువ్వొక్కడివి.

నీ పాకం సంగతి చదివి మంచం మీద లేచి కూర్చున్నాను. పొయ్యి మీద చక్కెర కాచి, నాలుగు చుక్కల ఎసెన్సుతో, ఒక ముసలి కాంపౌండర్ ఆ చేదును ఆనవాలు లేకుండా దాచగలిగాడు. మరి పెద్ద పెద్ద యంత్రాలున్న వాళ్ళు దాచలేరా? రెండు సీసాలదీ ఒకే రుచి కాకపోతే ఆ పరీక్ష పరీక్షేనా? నువ్వు కలిపిన దాంట్లో నీకే చేదు తెలియలేదు. అలాంటప్పుడు వాళ్ళ సీసాలో చేదు తెలియలేదు గనుక మందు లేదని ఎలా అన్నావు? నేనూ నమ్మాను. ఒక్క నిమిషం ఆలోచించకుండా నమ్మాను.

ఆ సీసాలో అసలు మందే ఉంటే, పాప ఒంట్లోకి ఇప్పుడు మోతాదు మించి పోతోంది. గుండె నెమ్మదైందని నర్సు చెప్పనే చెప్పింది. పసిపిల్ల ఒక పూట సరిగ్గా తినకపోతే ఈ మందు మీద ఒంట్లో చక్కెర పడిపోతుంది. అది నీకూ తెలుసు, మన డాక్టరుగారు చెప్పగా ఇద్దరం విన్నాం.

నీ చేతిది ఆపి, ఆ డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఈ ఉత్తరం అందిన గంటలో.

స్పీడ్ పోస్టులో వేస్తున్నాను. అమ్మాయి ఫోను నుంచి నీకు మెసేజ్ పెడదామని రెండుసార్లు నంబరు తీశాను. నీ కోడలు చూస్తుందని రాశావు కదా. నీ ఇంట్లో నిప్పు పెట్టినవాణ్ణి కాకూడదని ఆగాను.

రామబ్రహ్మం


నిజాంపేట
మే 25

తమ్ముడూ,

నీ ఉత్తరం మంగళవారం వచ్చింది. సోమవారమే అన్నీ అయిపోయాయి.

ముందు ఇది చదువు. చిన్ను బతికింది. ఇంటికి వచ్చింది. ఇప్పుడు పక్క గదిలో ఉంది.

బుధవారం నరేందర్‌కు సెలవు దొరకలేదు, మాదాపూర్ వెళ్ళడం వాయిదా పడింది. సోమవారం ఉదయం చిన్ను రెండు బిస్కెట్లు తిన్నది. పాత ప్యాకెట్టులో మిగిలినవి ఆ రెండే. ఏడింటికి కోడలు సీసా మందు ఇచ్చి, రాసుకుని, వెళ్ళింది. పదింటికి నేను కొత్త ప్యాకెట్టు తీశాను. కంపెనీవాడు కాగితం మార్చాడు. పసుపు మీద ఎర్ర పట్టీ వేశాడు. లోపల అదే బిస్కెట్టు, అదే అచ్చు. చిన్ను చూసి ప్యాకెట్టు తోసేసింది. చెత్తబుట్టలోంచి పాత కాగితం తీసి, తుడిచి, కొత్త బిస్కెట్లు అందులో పెట్టి చూపించాను. నేను చేసేదంతా అది గుమ్మంలోంచి చూస్తూనే ఉంది. ముట్టలేదు. బిస్కెట్టు లేదు గనుక పెరుగన్నమూ లేదు.

పన్నెండింటికి కోడలు ఫోన్ చేసింది. "తినకుంటే సాయంత్రం డోసు బంద్ మామయ్యా. డాక్టర్ ముందల్నే చెప్పింది, కడుపు ఖాళీ ఉంటే మందు ఇయ్యొద్దని. నేను జల్ది వస్త" అంది. సరే అన్నాను.

ఇప్పుడు రాయబోయేది నీకు అర్థమవుతుంది, ఇంకెవరికీ కాదు. ఆమె ఆపమన్నది తీపినీళ్ళను అనుకున్నాను. నాది అసలు మందు. మొదలుపెట్టిన కోర్సు మధ్యలో ఆపకూడదని డాక్టరుగారు నా చేత వెయ్యిసార్లు చెప్పించాడు, నేను వెయ్యిమంది పేషెంట్లకు చెప్పాను. పన్నెండున్నరకు సిరంజి పట్టుకెళ్ళాను. నోరు తెరిచింది.

మూడింటికి హాల్లో గచ్చు మీద పడుకుని ఉంది. ఎండాకాలం కదా, చల్లగా ఉంటుందని రోజూ అక్కడే పడుకుంటుంది. పిలిచాను. పలకలేదు. పిలిస్తే ఎన్నడూ పలకని పిల్ల, పలకడం లేదని నాకెలా తెలుస్తుంది తమ్ముడూ? ఇంకో పది నిమిషాలు పేపర్ చదివాను. తరవాత ఎందుకో వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

లాక్కోలేదు.

చెయ్యి తడిగా, చల్లగా ఉంది. వేళ్ళ కింద నాడి వెతుక్కోవాల్సి వచ్చింది. చక్కెర తెచ్చి తడిచేసి బుగ్గ లోపల, చిగుళ్ళకూ రాశాను. భుజాన వేసుకుని లిఫ్టు దగ్గరకు పరిగెత్తాను. తలుపు మూసుకుంది. కూనిరాగం లేదు. కింద వాచ్‌మన్ యాదయ్య చూసి, రోడ్డు మీదికి ఉరికి ఆటోకు అడ్డం నిలబడ్డాడు. తనూ ఎక్కాడు. "పెద్దాయనా, పానం ఉన్నది, ఉన్నది" అని దారంతా అదే మాట. దవాఖానలో వేలు గుచ్చి చూస్తే చక్కెర ముప్పై నాలుగు. సూది పెట్టి నరంలోకి గ్లూకోజు ఎక్కించారు. గుండె నెమ్మదిగా కొట్టుకుంటోంది, ఎందుకో వాళ్ళకు అంతుపట్టలేదు. మూర్ఛ అన్నాడొకాయన, మెదడు స్కాన్ అన్నాడింకొకాయన. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఏదైనా మందు ఇచ్చారా అని అడిగితే, పరీక్ష సీసా సంగతి చెప్పాను. అది మాత్రమే చెప్పాను.

నలభై నిమిషాలు తమ్ముడూ. నలభై నిమిషాలు నోరు మూసుకున్నాను.

యాదయ్య ఫోన్ చేస్తే కృష్ణప్రియ మెట్రోలో వచ్చి, స్టేషన్ నుంచి పరిగెత్తుకుంటూ వచ్చినట్టుంది. మెడలో ఆఫీసు కార్డు అలాగే ఉంది. సంచిలోంచి నోటుబుక్కు తీసి డాక్టరు ముందు చదివింది. "పొద్దుగాల ఏడు గంటలకి ఇచ్చిన. నిన్న సాయంత్రం ఏడు గంటలకి. ఈరోజు సాయంత్రంది ఇయ్యలే." అక్కడ ఆగి, "పొద్దున రెండు బిస్కెట్లే తిన్నది సార్. అప్పుడే ఆపాల్సుండె. ఆఫీసుకు లేటైతదని నేనే ఆగం ఆగం చేసి పోసిన. నేనే చేసుకున్న ఇది. నా బిడ్డకు నేనే చేసుకున్న" అని నోటుబుక్కుతో నుదురు కొట్టుకుంది.

అప్పుడు చెప్పాను. "నువ్వు కాదమ్మా. నేను ఇచ్చాను. అదే మందు. పన్నెండున్నరకు."

ఆమెకు అర్థం కాలేదు. "ఏ మందు మామయ్యా? సీసా నా బీరువలనే ఉన్నది గద."

"బయట కొన్నాను. మూసాపేటలో."

డాక్టరు నా నోట్లోంచి మాట లాక్కున్నట్టు ఎంత, ఎన్ని గంటలకు, ఎన్నిసార్లు అని అడిగాడు. చెప్పాను. వాళ్ళు భ్రమరాంబ డాక్టరమ్మకు ఫోన్ చేశారు. పదిహేడో నంబరు చీటీ విప్పాలి. ప్రాణం మీదికి వస్తే తప్ప విప్పరట, విప్పితే ఆ పిల్ల ఇక పరీక్షలో ఉండదు. విప్పారు. సీసాలో ఉన్నది అసలు మందే.

ఆ తరవాత వాళ్ళు ఏం ఇంజెక్షన్ ఇవ్వాలో తెలుసుకుని ఇచ్చారు. రెండు రోజులు ఉంచారు. మొదటిరోజు సాయంత్రానికే సూది పెట్టిన చెయ్యి లాక్కోవడం మొదలుపెట్టింది, నలుగురు పట్టుకోవాల్సి వచ్చింది.

నరేందర్ నాతో ఒకే మాట అన్నాడు. "నాన్నా, గా నలభై నిమిషాలు ఏం ఆలోచన చేసినవ్?" కోడలు అడిగింది ఇంకొకటి. "ఎన్ని రోజులు?"

"ఇరవై తొమ్మిది."

కుర్చీలో కూర్చుని నోటుబుక్కు వెనక్కి తిప్పింది. ఒక్కొక్క పేజీగా ఇరవై తొమ్మిది పేజీలు. "తాత మోకాలికి ఆని కూర్చుంది" అన్న పేజీ దగ్గర ఎంతసేపు ఆగిందో నేను లెక్కపెట్టలేదు.

నువ్వు మెసేజ్ పెట్టి ఉంటే, అని నాకు ఒక్కసారి అనిపించింది. అబద్ధం ఎందుకు. తప్పు నాదే గాని, ఆ మాట రాయకుండా ఉత్తరం ముగించలేకపోతున్నాను.

సాయిలు


చీరాల
జూన్ 2

అన్నా,

నీ ఆఖరి వాక్యం కోసమే ఎదురుచూశాను. రాకపోతే నేనే రాసేవాణ్ణి.

నీ ఇంట్లో నిప్పు పెట్టకూడదని మెసేజ్ ఆపానన్నాను. అది నిజం కాదు. లెక్క రాసిన చీటీ నా చేతిరాత. నువ్వు చింపేశానని రాశావు గాని నేను నమ్మలేదు. నీ కోడలు చూస్తే, పోలీసు దాకా పోతే, ఈ వయసులో ఆ చీటీ పట్టుకుని చీరాల ఎవరొస్తారో అని భయపడ్డాను. రెండుసార్లు నంబరు తీసింది నిజమే. రెండుసార్లూ ఫోను అమ్మాయికి తిరిగి ఇచ్చేసింది కూడా నిజమే. స్పీడ్ పోస్టు మూడు రోజుల్లో పోతుందిలే అనుకున్నాను. మధ్యలో ఆదివారం ఉందని నాకు తెలుసు.

ఆ లెక్క కూడా సరిగ్గా లేదు. నిన్న అమ్మాయి చేత మా ఊరి డాక్టరును అడిగించాను. పుస్తకం లేకుండా రాసింది కదా, ఆ బరువుకు ఇవ్వవలసిన దానికన్నా ఎక్కువే రాశాను.

ఈ ఉత్తరం నీ కోడలికి చూపించు. నా చిరునామా కింద రాశాను, ఆవిడ ఎవరికి ఇచ్చుకున్నా సరే.

పాప ఎలా ఉంది? ఆ ఒక్క ముక్క రాసినా చాలు.

రామబ్రహ్మం


నిజాంపేట
జూన్ 22

తమ్ముడూ,

పాప బాగుంది. ఎర్ర పట్టీ ప్యాకెట్టుకు అలవాటు పడడానికి పదకొండు రోజులు పట్టింది. నరేందర్ నగరంలో ఉన్న షాపులన్నీ తిరిగి పాత కాగితం ప్యాకెట్లు నలభై రెండు సంపాదించాడు. బోరబండలో ఒక కిరాణా ఆమె దగ్గరే పదిహేను దొరికాయట, కథ విని వెనక గదిలోంచి అట్టపెట్టె మొత్తం తెచ్చి ఇచ్చిందట. అవి అయిపోయే లోపల కొంచెం కొంచెంగా మార్చారు. ఎలా మార్చారో నాకు తెలియదు. నేను ఆ గదిలో లేను.

నీ ఉత్తరం కోడలికి ఇచ్చాను. నిలబడే చదివింది. "ఈయన కూడ ఆ నలభై నిమిషాలల్ల ఉన్నడన్నమాట" అని మడిచి నాకు తిరిగి ఇచ్చేసింది. పోలీసు మాట ఎత్తలేదు. ఎత్తుతుందేమో అని నేనూ చాలా రోజులు గుమ్మం వైపు చూశాను, నీకు చెప్పకపోవడమెందుకు.

భ్రమరాంబ డాక్టరమ్మ ఇంటికి వచ్చింది. వస్తుందనుకోలేదు. కాగితాలు ముందు పెట్టి, "సాయిలుగారూ, మీరు రాసి ఇవ్వాలి. ఎప్పుడు, ఎంత, ఎందుకు. రాయకపోతే ఈ నేరం మందు మీద పడుతుంది. మందు వల్లనే పిల్ల పడిపోయిందని రాసుకుంటే మిగతా ఇరవై తొమ్మిది మందికీ ఆపేయాలి. ఇప్పటికే వారం రోజులు ఆపి, అందరి తల్లులకూ ఫోన్లు చేశాం" అంది. అరుపు లేదు, కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. నాలుగు పేజీలు రాశాను. నీ పేరు రాయలేదు, చీటీ సంగతి రాశాను. ఒక మిత్రుడి దగ్గర తెలుసుకున్నానని రాశాను. ఆమె చదివి, "ఇక్కడ మీ డాక్టరుగారి కథ అక్కర్లేదు" అని ఒకటిన్నర పేజీ కొట్టేసింది.

వెళ్తుంటే అడిగాను. "ఆ మోకాలికి ఆని కూర్చున్నదీ, నిద్ర బాగుపడ్డదీ మీ మందు వల్లనా? నేనిచ్చిన దాని వల్లనా? లేక దానంతట అదేనా?"

"ఒక్క పిల్లను చూసి అది చెప్పగలిగితే, ముప్పై మందిని ఎందుకు తీసుకుంటాం?" అంది. చెప్పులు వేసుకుంటూ, "చిన్ను విషయంలో ఇక ఎప్పటికీ తెలియదు" అంది. మిగతా పిల్లలకు మళ్ళీ మొదలుపెట్టారు. పనిచేస్తుందో లేదో వచ్చే ఏడాదికి గాని తేలదు.

ఇప్పుడు పగలు కోడలి తల్లి రాజమ్మ వచ్చి ఉంటోంది. నేను చిన్నుతో ఒంటరిగా ఉండకూడదని కృష్ణప్రియ చెప్పింది, నా ముఖం మీదే చెప్పింది. అది న్యాయం. రాజమ్మ హాల్లో కూర్చుని బఠాణీలు ఒలుస్తూ, నేను వంటింట్లోకి పోతే "ఏం కావాలె అన్నా?" అంటుంది. మంచినీళ్ళు చెల్లె, అంటాను. "కూసో, నేను తెస్త." నాకు ఇంత మర్యాద పెళ్ళిలో కూడా జరగలేదు.

మొన్న నరేందర్‌తో, బోరబండలో నా పాత గది ఖాళీగా ఉందట, అక్కడికి పోయి ఉంటానన్నాను. లోపలి నుంచి కోడలు అంది, "పోతే చిన్ను ఆ పేపర్ చదివే కుర్చీ కాడ వెతుకుతది. ఉండుండ్రి." అంతే. ఆ మాటకు అర్థం క్షమించిందని కాదు. నేనూ అలా అనుకోలేదు.

ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేసింది, నా బీపీ బిళ్ళలతో సహా. రోజూ ఎనిమిదింటికి పిలుస్తుంది. ఈ ఉదయం కూడా పిలిచి, బిళ్ళ నా అరచేతిలో పెట్టి, నీళ్ళు ఇచ్చి, నేను మింగేదాకా నిలబడింది. తరవాత గ్లాసు కడిగి బోర్లించి, కూరగాయలకు వెళ్ళింది.

సాయిలు